మంచు, హిమము, వడగండ్లు: శీతకాలమున ఇవి పుట్టు విధము

శీతకాలపు ఉదయమున రైతు చేనికి పోయి ఆకులు తడిసియుండుట చూచినచో "మంచు పడినది" అనును. దారి కానరానిచో "మంచు క్రమ్మినది" అనును. కొండసీమలో గడ్డి తెల్లబడినచో "మంచు గడ్డకట్టినది" అనును. హిమాలయములమీద కురియు హిమమునకును మంచనియే పేరు. మామిడి పూత జిగటయై నల్లబడినను "మంచు కొట్టినది" అనుటయే వాడుక. ఒక్క మాటతో చెప్పబడు ఈ అయిదును ఒకటి కావు. కొన్ని నేలమీదనే పుట్టును; ఒకటి మేఘమునుండి కురియును; ఒకటి పురుగువలన వచ్చును. ఒకదానిని మఱియొకటిగా తలచినచో చేయవలసిన పని తప్పిపోవును. మామిడి పూత మంచువలన చెడినదని ఊరకుండిన రైతు, పురుగును అణపదగిన అదనును పోగొట్టుకొనును. కావున శీతకాలపు తడి ఏయే రూపముల వచ్చునో, ఏ రూపము ఏ కారణమున కలుగునో, దానికి రైతు చేయదగినది యేమో ఇందు వరుసగా తెలుపబడుచున్నది. ఇందలి డిగ్రీలన్నియు సెంటిగ్రేడు కొలతవి. ఆ కొలతలో నీరు 0 డిగ్రీలవద్ద గడ్డకట్టును.

1. గాలిలోని నీటియావిరి

చెఱువులనుండియు, తడినేలనుండియు, చెట్ల ఆకులనుండియు నీరు ఆవిరియై గాలిలో కలియుచుండును. ఈ ఆవిరి కంటికి కనబడదు. వెచ్చని గాలి ఎక్కువ ఆవిరిని పట్టగలదు. చల్లని గాలి తక్కువ పట్టును. ఒక ఘనమీటరు గాలి 30 డిగ్రీల వేడిమియందు సుమారు 30 గ్రాముల నీటియావిరిని పట్టును. 10 డిగ్రీలయందు 9 గ్రాములకు కొంచెము మించి పట్టును. 0 డిగ్రీలయందు 5 గ్రాములైనను పట్టజాలదు. గాలి చల్లబడినకొలది దానిలో ఇముడని ఆవిరి నీరుగానో మంచుగడ్డగానో బయటపడవలసినదే. అట్లు బయటపడ నారంభించు వేడిమికి తుషారస్థానమని పేరు.

ఇత్తడి చెంబులో బాగుగా చల్లనైన నీరు పోసి కొంతసేపు ఉంచినచో చెంబు వెలుపల నీటిచుక్కలు పుట్టును. ఆ నీరు చెంబులోనుండి ఊరినది కాదు. చెంబునంటిన గాలి తుషారస్థానమునకు దిగి తన ఆవిరిని విడిచినది. మంచు, వాన, హిమము, వడగండ్లు అన్నిటికిని మూలమిదియే. గాలి ఎక్కడ చల్లబడినది, ఎంత చల్లబడినది, పుట్టిన నీరు నేల చేరులోపల ఎట్టి గాలిగుండ వచ్చినది, అను మూడు విషయములనుబట్టియే రూపభేదములు కలుగును.

2. ఆకులమీది మంచుచుక్కలు

మంచు పడుననుట మాటవరుసయే గాని అది మీదినుండి పడదు. పగలు నేలయు పైరును సూర్యుని వేడిమిని గ్రహించును. రాత్రి ఆ వేడిమి ఆకాశమువైపు పోవుచుండును. మబ్బులేని రాత్రి ఈ నష్టమునకు అడ్డులేదు. పలుచని ఆకులును గడ్డిపరకలును త్వరగా చల్లారి, చుట్టునున్న గాలికంటెను చల్లనగును. అప్పుడు వానినంటిన గాలి చెంబుచుట్టు గాలివలెనే తన నీటిని వానిమీద విడుచును. తడినేలనుండి లేచు ఆవిరియు కొంత దీనిలో చేరును.

ఈ సంగతిని విలియం చార్లెస్ వెల్సు అను వైద్యుడు ఇంగ్లండులో పరీక్షించి 1814లో ప్రకటించెను. అతడు సమానమైన బరువుగల ఉన్నిముక్కలను రాత్రి వేర్వేరు చోట్ల ఉంచి ఉదయమున తూచెను. ఆకాశమునకు విప్పారియున్న ముక్కకు ఎక్కువ తడియు, బల్లక్రింద ఉంచినదానికి తక్కువ తడియు పట్టెను. పైన తెరచియుండి ప్రక్కలు మూసియున్న మట్టిగొట్టములో ఉంచినదానికిని తక్కువయే పట్టెను. మంచు వానవలె మీదినుండి పడునదైనచో గొట్టములోని ఉన్ని బయటిదానితో సమముగా తడియవలసియుండెను.

ఒక రాత్రి పుట్టు మంచు అర మిల్లీమీటరు వానకు మించుట అరుదు. కావున నల్లరేగడి నేలలోని యాసంగి జొన్నయు శనగయు మంచుతోనే పండునని నమ్మరాదు. అవి వర్షకాలమున నేలలో నిలిచిన పదునుతో పండును. ఉదయమున మంచు ఆఱునంతవఱకు ఆకులనుండి నీరు ఆవిరిగా పోవుట తగ్గును. మంచువలని మేలు ముఖ్యముగా ఇంతమాత్రమే. కీడును లేకపోలేదు: చాలసేపు తడిసియుండు ఆకులమీద వేరుశనగకు టిక్కా తెగులును గోధుమకు కుంకుమ తెగులును సులభముగా వ్యాపించును. మంచు ఆఱకముందు తెగులుపడిన చేలో నడచి మంచి చేనిలోనికి పోవుట తగదు.

ఉదయమున కనబడు ప్రతి చుక్కయు మంచు కాదు. వరి ఆకుల కొనలందు ముత్యములవలె నిలుచు నీరు వేళ్లు పీల్చి పైకి పంపినదే. శనగ ఆకులమీది పుల్లని చుక్క ఆ మొక్కయొక్క సన్నని నూగు ఊరించు ఆమ్లము.

3. పేరిన మంచు

ఆకులు 0 డిగ్రీలకంటె చల్లబడినచో గాలిలోని ఆవిరి నీరుకాకయే తిన్నగా తెల్లని మంచుగడ్డనలుసులై ఆకుల నంటుకొనును. ముందు పుట్టిన నీటిచుక్కలు పిదప గడ్డకట్టుటయు కలదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, సముద్రమట్టమునకు 3,000 అడుగులకు పైబడిన లంబసింగివద్ద, కొన్ని శీతకాలపు ఉదయములందు గడ్డిమీద కనబడు తెల్లదనము ఇట్టిదే. హిమము కురిసినదని దానినిగూర్చి చెప్పుకొనుట కలదు గాని అది మేఘమునుండి కురిసినది కాదు. మబ్బులేని రాత్రులందే అది పుట్టుటయే ఇందుకు నిదర్శనము.

ఇచట రైతు గమనింపవలసిన సంగతి ఒకటి గలదు. వార్తలలో ప్రకటింపబడు ఉష్ణోగ్రత నేలకు సుమారు 4 అడుగుల ఎత్తున, నీడగల పెట్టెలో ఉంచిన ఉష్ణమాపకముయొక్క కొలత. నిర్మలమైన నిశ్చలరాత్రి నేలనంటియున్న గడ్డి అంతకంటె 3, 4 డిగ్రీలు చల్లగా నుండవచ్చును. కావున ప్రకటితమైన ఉష్ణోగ్రత 3 డిగ్రీలైనను పల్లపుచేలలో మంచు పేరుటకు వీలున్నది. చల్లనిగాలి బరువైనది, నీటివలె పల్లమునకు పాఱి అచట నిలుచును. ఆదిలాబాదు, ఆసిఫాబాదు అడవిపల్లెలవంటి మిక్కిలి చలిసీమలందును, తూర్పు కనుమల మన్యమునందును కూరగాయల నారుమళ్లను గుంటలందు గాక వాలునేలలందు పోయుట మంచిది.

చలి మిక్కుటమైనచో ఆకులోని నీరు గడ్డకట్టి కణములు చిట్లును. ఎండ తగులగానే ఆకు ఉడికినట్లు వాడి నల్లబడును. అట్టి రాత్రిని ముందే గుర్తింపవచ్చును. సాయంకాలమునకు మబ్బు విడిపోయి, గాలి నిలిచి, చలి త్వరగా హెచ్చినచో జాగ్రత్త పడవలెను. ఆ సాయంకాలమే పలుచగా నీరు పెట్టవలెను; తడినేల పగటి వేడిమిని ఎక్కువగా నిలుపుకొని రాత్రి మెల్లగా విడుచును. నారుమళ్లపై గడ్డితడకలుగాని గోనెపట్టాలుగాని కప్పి, ప్రొద్దెక్కిన పిదప తీయవలెను. పొగ పెట్టుటవలన కలుగు మేలు స్వల్పము. పొగకంటె మబ్బును కప్పును వేడిమిని బాగుగా నిలుపును.

4. పొగమంచు

నేల చల్లారుటతోపాటు దానిపైనున్న గాలియు కొన్ని అడుగుల నుండి కొన్ని వందల అడుగుల మందమున తుషారస్థానమునకు దిగినచో, ఆవిరి గాలిలోనే సన్నని నీటితుంపురులగును. ఇదియే పొగమంచు. ఇది నేలనంటిన మేఘమనుటలో తప్పులేదు. వాన కురిసి వెలిసిన మఱునాడును, చెఱువుల క్రింది పల్లములందును, గాలిలేని రాత్రులందును ఇది ఎక్కువ. ఇది పైరును గడ్డకట్టింపదు. పైగా కంబళివలె నేలవేడిమిని కొంత నిలుపును. కాని ఆకులను మధ్యాహ్నమువఱకు తడిగా నుంచి ఎండను అడ్డుటవలన తెగుళ్లకు అనుకూలించును. పొగమంచు విడువకముందు మందు చల్లుటయు, కళ్లమున మిరపకాయలు ఆరబోయుటయు వ్యర్థము.

5. హిమము, వాన: ఒకే మేఘపు బిడ్డలు

పై మూడును నేలవద్దనే పుట్టినవి. హిమమును వానయు మేఘములోనివి. గాలి పైకి లేచినకొలది విరిసి చల్లబడును. దానియందలి ఆవిరి సూక్ష్మమైన ధూళిరేణువులచుట్టు చేరి మేఘపు తుంపురులగును. విశేషమేమనగా, మేఘమందలి తుంపురులు 0 డిగ్రీలకు దిగగానే గడ్డకట్టవు. గడ్డకట్టుటకు తగిన రేణువు దొరకనిచో, 0 డిగ్రీలకు క్రింద 40 డిగ్రీలు దిగువఱకును నీరుగానే యుండగలవు. ఇట్టి నీటికి అతిశీతలజలమని పేరు.

అతిశీతలజలపు తుంపురుల నడుమ ఒక మంచునలుసు పుట్టినచో, ఆవిరి తుంపురులను విడిచి మంచునలుసును చేరును. ఏలన, ఒకే వేడిమియందు మంచుగడ్డమీద నిలువవలసిన ఆవిరి నీటిమీద నిలువవలసినదానికంటె తక్కువ. తుంపురులు క్షీణించును, మంచునలుసు పెరిగి బరువెక్కి క్రిందికి దిగును. ఈ మార్గమును 1911లో ఆల్ఫ్రెడ్ వెగెనరు సూచించెను. స్వీడనువాడైన టోర్ బెర్గెరాను 1930 తరువాతి ఏండ్లలో దానినిబట్టి వాన పుట్టుటను వివరించెను. ఇట్లు పెరిగిన నలుసులు ఆఱు కోణములుగల రేకులుగనో, సూదులుగనో ఉండును. జపానులో ఉకిచిరో నకాయ 1936లో వీనిని పరిశోధనశాలలో పెంచి, వేడిమినిబట్టియు ఆవిరినిబట్టియు వాని ఆకారము మాఱునని చూపెను. అనేక నలుసులు చిక్కుకొని దూదిపింజవలె దిగినదే హిమము.

అట్టి హిమము నేల చేరులోపల నాలుగు గతులు గలవు. మీదినుండి నేలవఱకు గాలి 0 డిగ్రీలకు లోబడియున్నచో అది హిమముగనే కురియును. నడుమ వెచ్చని పొర దట్టముగ నుండి నేలవఱకు వెచ్చగనే యున్నచో కరగి వానయగును. వెచ్చని పొరలో కరగి, దాని క్రింద దట్టమైన చల్లనిపొరలో మరల గడ్డకట్టినచో చిన్న మంచుగుండ్లై రాలును. ఆ క్రిందిపొర పలుచనిదైనచో నీరుగనే దిగి, చల్లని కొమ్మలను తీగలను తాకినంతనే గడ్డకట్టును. ఈ కడపటిది మిక్కిలి హానికరము. 1998 జనవరిలో కెనడాయందలి క్విబెక్కు, ఒంటారియో ప్రాంతములలో ఇట్టి వాన దినములతరబడి కురిసి, మంచుబరువునకు చెట్లును విద్యుత్తు స్తంభములును విఱిగిపడినవి.

తెలుగు దేశముపై శీతకాలమునను 0 డిగ్రీల చలి సుమారు 14, 15 వేల అడుగుల ఎత్తున గాని లేదు. అచట పుట్టిన హిమము దిగుచు కొద్ది వేల అడుగులలోనే కరగిపోవును. కావున పెద్ద మేఘములనుండి కురియు వానలో చాల భాగము మీద హిమమై పుట్టినదే. మేఘము అంత ఎత్తు లేనిచో తుంపురులు ఒకదానితో ఒకటి కలిసి పెరిగియు వాన కురియును. ఆ వానకు మంచుతో పనిలేదు.

కాశ్మీరము, హిమాచలప్రదేశము, ఉత్తరాఖండములందు నేలయే ఎత్తైనది. మధ్యధరా సముద్రమువైపునుండి వచ్చు పశ్చిమపు వాయుగుండములు శీతకాలమున అచట హిమమును, పంజాబు మైదానమున గోధుమకు మేలుచేయు వానను కురియించును. ఆ హిమము వేసవిలో కరగి నదులకు నీరగును. హిమాలయమున హిమము హెచ్చుగా కురిసిన ఏడు నైరృతి వానలు తగ్గుటకు అవకాశమున్నదని భారత వాతావరణ శాఖకు మొదటి అధిపతియైన హెన్రీ బ్లాన్‌ఫర్డు 1884లో ప్రకటించెను. ఆ సంబంధము అన్ని ఏండ్లును ఒకేరీతిగా నిలువదని పిదప తేలినది.

తెలుగు సీమలో శీతకాలపు వానకు మార్గములు రెండు. నవంబరు, డిసెంబరులలో బంగాళాఖాతపు వాయుగుండములును ఈశాన్యపు గాలులును తెచ్చునది ఒకటి. జనవరి పిదప, ఉత్తరమున పోవు పశ్చిమపు గాలితరంగము దక్షిణమునకు సాగి, బంగాళాఖాతపు తేమగాలితో కలియుటవలన కురియునది రెండవది. మొదటిది విత్తిన శనగకు, మొలచిన జొన్నకు పదునిచ్చును. రెండవది తఱచు చెఱుపు: శనగ పూత రాలును, ఆకులపై ఆమ్లము కడుగబడును, పండిన జొన్నకంకికి బూజుపట్టి గింజ నల్లబడును, కళ్లములోని మిరప తెల్లమచ్చలు పడి ధర తగ్గును. పండిన పైరును ఆలస్యము చేయక కోసి, కుప్పలను మెఱకమీద వేసి, కప్పుటకు టార్పాలిను సిద్ధముగా నుంచుకొనవలెను.

6. వడగండ్లు

వడగండ్లను తెలంగాణమున రాళ్లవాన యందురు. ఇది చలివలన వచ్చునని తలచుట పొరపాటు. హిమమునకు చల్లని నేలయు నిదానమైన గాలియు వలయును. వడగండ్లకు వేడెక్కిన నేలయు ఉద్ధృతమైన గాలియు వలయును. కావుననే మిక్కిలి చలిగల జనవరికంటె ఫిబ్రవరి చివరనుండి ఏప్రిలు, మే వఱకు ఇవి ఎక్కువ. అప్పుడు నేల వేడెక్కియుండును. ఎత్తున గాలి ఇంకను చల్లగా నుండును. బంగాళాఖాతపు తేమ క్రిందినుండి చేరును. వేడిగాలి గోపురమువలె పైకెగసి ఉఱుముమేఘమగును. ఆ మేఘములో ఒక మంచుగుండు అతిశీతలజలమును తాకి దానిని గడ్డకట్టించుకొనుచు పెరుగును. పైకెగయు గాలి దానిని మోయుచున్నంతసేపు అది పడదు. కోడిగ్రుడ్డంత వడగల్లు నిలుచుటకు గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగముగల ఊర్ధ్వవాయువు వలయును. వడగంటిని కోసినచో ఉల్లిగడ్డవలె పొరలు కనబడును. నీరు తటాలున గడ్డకట్టిన పొర గాలిబుడగలు చిక్కుకొని తెల్లగను, నెమ్మదిగా గడ్డకట్టిన పొర తేటగను ఉండును.

నైరృతి వానలనాడు ఉఱుములున్నను వడగండ్లు అరుదు. అప్పుడు గాలి మీదివఱకు వెచ్చగాను తేమగాను ఉండుటచే గుండ్లు పెద్దవి కావు. అయినను దిగునప్పుడు కరగిపోవును.

వడగండ్లు చేయు నష్టము ఎంతటిదో చరిత్ర చెప్పుచున్నది. 1888 ఏప్రిలు 30న మొరాదాబాదువద్ద కురిసిన వడగండ్లవలన 246 మంది మరణించిరి. 1986 ఏప్రిలు 14న బంగ్లాదేశమందలి గోపాల్‌గంజివద్ద పడిన వడగల్లు 1.02 కిలోగ్రాముల బరువు తూగెను. 2014 ఫిబ్రవరి, మార్చి నెలలలో మహారాష్ట్రమునందు, 1956 వఱకు హైదరాబాదు రాజ్యములో నుండిన మరాఠ్వాడాతోకూడ, యాసంగి పైర్లు విస్తారముగా నాశనమైనవి. 2023 మార్చిలో వికారాబాదు జిల్లా మర్పల్లి ప్రాంతమున రాళ్లవానచే నేల తెల్లగా కప్పబడినది. చూపునకు హిమమువలె నున్నను అది వేసవి తొలినాళ్ల వేడిమియొక్క ఫలమే.

వడగండ్లను ఆకాశమున ఆపు ఉపాయము నమ్మదగినట్లు ఇంతవఱకు నిరూపింపబడలేదు. ఫిరంగులు ప్రేల్చుటవలన ఫలము కానరాలేదు. మధ్యాహ్నము పిదప మేఘము గోపురమువలె పెరిగి అడుగు నల్లబడినచో పశువులను కొట్టములోనికి తోలవలెను. మనుష్యులు చెట్లక్రింద నిలువరాదు. పిడుగు భయమును కలదు. వాన వెలిసిన పిదప చేలో నిలిచిన నీటిని వెంటనే తీయవలెను. రాలిన మామిడికాయలను నాడే ఏఱి ఊరగాయకు అమ్మవలెను. గాయపడిన కాయ నిలువ ఉండదు. ఎదుగుచున్న పైరును తొందరపడి దున్నివేయరాదు. కొన్ని దినములు వేచి చూచి, చిగురు వచ్చినచో కొలదిగా నత్రజనపు టెరువు వేసి, గాయములద్వారా తెగులు చొరకుండ తగిన మందు చల్లవలెను.

7. తేనెమంచు: ఇది ఆకాశపుది కాదు

డిసెంబరు మొదలు ఫిబ్రవరి వఱకు మామిడి పూయును. మంచుచుక్కలు పట్టు కాలమును అదే. ఈ రెండును ఒకే కాలమున వచ్చుటచే, పూత మాడినప్పుడెల్ల మంచుమీద నింద మోపుట అలవాటైనది. ఆకులమీదను పూగుత్తులమీదను మెఱయు జిగటకు తేనెమంచని పేరు. అది చిన్న దుముకుడు పురుగులు పూవుల రసమును పీల్చి విసర్జించునది. ఆ తీపిమీద నల్లని మసివంటి బూజు పెరుగును. రసము పోయిన పూత ఎండి రాలును.

గుర్తించుట సులభము. మంచుచుక్క వ్రేలికి అంటదు, ఎండకు ఆఱిపోవును. తేనెమంచు వ్రేలికి జిగటగా నంటును, మధ్యాహ్నమునను ఆఱదు, దానికి చీమలు చేరును. కొమ్మను కదలించినచో బూడిదవన్నె గల చిన్న పురుగులు చిటచిట ఎగురును. పూగుత్తులపై తెల్లని పొడి కనబడినచో అదియు మంచు కాదు, బూడిద తెగులు.

కావున పంట కోసిన పిదప దట్టమైన కొమ్మలను నఱకి తోటలోనికి ఎండయు గాలియు చొచ్చునట్లు చేయవలెను. పూమొగ్గ వెడలునప్పుడే చెట్లను పరీక్షించి, పురుగు కనబడినచో వ్యవసాయ శాఖవారు చెప్పిన మందును చెప్పిన పాళ్లలో చల్లవలెను. పూత పూర్తిగా విప్పినప్పుడు మందు చల్లినచో పుప్పొడిని చేరవేయు ఈగలు చచ్చి కాయ తగ్గును.

8. జ్ఞాపకముంచుకొనవలసిన గుర్తులు

మబ్బులేని రాత్రి ఆకులు తడిసినచో: మంచుచుక్క. ఆకులు ఆఱువఱకు తెగులుపడిన చేలో తిరుగరాదు.

మబ్బులేని రాత్రి గడ్డి తెల్లబడినచో: పేరిన మంచు. సాయంకాలము నీరు పెట్టి, నారును కప్పవలెను.

గాలిలో తెల్లని తెర నిలిచినచో: పొగమంచు. మందు చల్లుటను ఆపవలెను, తెగులును కనిపెట్టియుండవలెను.

ఉఱుముతో తెల్లని గుండ్లు రాలినచో: వడగండ్లు. ప్రాణరక్షణ మొదట, నీరు తీయుట పిదప.

పూతమీద జిగటయు చీమలును ఉన్నచో: తేనెమంచు. మఱునాటికి వాయిదా వేయక పురుగును అణపవలెను.

పైవానిలో ఏదియో తేలనిచో, చెడిన కొమ్మనుగాని ఆకునుగాని ఆనాడే కోసి సమీపమందలి వ్యవసాయాధికారికి చూపవలెను.